గర్భవిచ్ఛిత్తి చట్టానికి దారి వేసిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్

గర్భవిచ్ఛిత్తికి కొన్ని షరతులతో అనుమతినిస్తూ భారత పార్లమెంటు 1971లో చట్టం చేసింది. ఇదే అంశంపై అమెరికా సుప్రీంకోర్టు ప్రసిద్ధ తీర్పు వెలువడింది ఆ తరువాత రెండేళ్లకు, 1973లో. బ్రిటన్ పార్లమెంటు కూడా భారతదేశానికి కొద్ది సంవత్సరాల ముందు, 1967లోనే తన చట్టాన్ని సవరించుకుంది. సంప్రదాయాలకు పెట్టింది పేరైన మన దేశం ఇంత తొందరగా ఈ నిర్ణయం తీసుకోవడం నాడు ఎందరినో ఆశ్చర్యపరిచింది. బిల్లు 1969లో రాజ్యసభ ముందుకు వచ్చేనాటికి కేంద్ర ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖలో సహాయమంత్రిగా ఉన్నవారు డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు కారు, న్యాయవాది కారు. జనన మరణాల లెక్కలతో జీవితాన్ని గడిపిన జనాభా శాస్త్రవేత్త.

చంద్రశేఖర్ 1918 నవంబరు 22న రాజమహేంద్రవరంలో జన్మించారు. కందుకూరి వీరేశలింగం పంతులు 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన పట్టణం అది. బాలవితంతువుల జీవితంలోని దుఃఖం, లోకనిందకు వెరచి దాచిన గర్భాలు, రహస్యంగా చేయించుకున్న గర్భస్రావాలు, వాటి వెంట వచ్చిన చావులు ఆనాటి సంస్కరణోద్యమం వెనుక ఉన్న కారణాలలో కొన్ని. తెలుగు సమాజంలో గర్భవిచ్ఛిత్తి అనగానే చాలాకాలం పాటు మనసులో మెదిలింది ఆ వితంతువు రూపమే. చంద్రశేఖర్ తరం ముందున్న సమస్య మాత్రం వేరు. నలుగురైదుగురు పిల్లల తల్లి, భర్త నీడలో కాపురం చేసుకుంటున్న ఇల్లాలు కూడా ప్రాణాలకు తెగించి అదే చీకటి దారి పట్టడం ఆ సమస్య.

మద్రాసులో చదువు ముగించుకున్న చంద్రశేఖర్ అమెరికా వెళ్లి, 1944లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. అమెరికన్ మహిళ మేరీ ఆన్ డౌన్స్‌ను వివాహం చేసుకున్నారు. పారిస్‌లో యునెస్కో జనాభా పరిశోధన విభాగంలో కొంతకాలం పనిచేశారు. స్వదేశానికి తిరిగి వచ్చి బరోడా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించారు. మద్రాసులో భారత జనాభా అధ్యయన సంస్థను నెలకొల్పారు. 1957లో పాపులేషన్ రివ్యూ అనే పరిశోధన పత్రికను ప్రారంభించి, దాని సంపాదకత్వం వహించారు. నోబెల్ బహుమతి పొందిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌తో ఆయనను పొరబడేవారు నేటికీ ఉన్నారు. ఒకరు నక్షత్రాలను లెక్కిస్తే, మరొకరు ఊయలలనూ పాడెలనూ లెక్కించారు.

ఈ మాట అలంకారం కోసం అన్నది కాదు. చంద్రశేఖర్ 1959లో వెలువరించిన గ్రంథాలలో ఒకటి భారతదేశంలోని శిశు మరణాల గురించినది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం లేని ఇంట్లో కాన్పు వెంట కాన్పు వస్తుంది. తల్లి ఒంట్లో సత్తువ తగ్గుతుంది. ఆ తల్లికి పుట్టిన బిడ్డ మరింత బలహీనంగా ఉంటుంది. అధిక జననాలు, అధిక మరణాలు ఒకదానినొకటి పెంచుకునే ఈ వలయాన్ని జనాభా శాస్త్రం అంకెలలో చూపింది. 1951 జనగణనలో 36 కోట్లుగా ఉన్న దేశ జనాభా 1961 నాటికి దాదాపు 44 కోట్లకు చేరింది. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా 1952లోనే చేపట్టిన దేశం మనది. అయితే ఆ కార్యక్రమం ఇంకా పల్లె గడపకు చేరలేదు. గర్భం రాకుండా ఆపే సాధనం అందని స్త్రీకి, వచ్చిన గర్భాన్ని తీసేసుకోవడమే చివరి మార్గమైంది.

ఆ మార్గాన్ని చట్టం పూర్తిగా మూసివేసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం తల్లి ప్రాణం కాపాడేందుకు సదుద్దేశంతో చేసినది తప్ప, మరే గర్భవిచ్ఛిత్తి అయినా నేరమే. చేసినవారికి మూడేళ్ల వరకు జైలు. కడుపులో బిడ్డ కదలిక తెలిసిన తరువాత అయితే ఏడేళ్ల వరకు శిక్ష. తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ సైతం ఆ సెక్షన్ కింద నేరస్థురాలే. ఫలితంగా చదువుకున్న వైద్యులు వెనుకంజ వేశారు. నాటు మందులు, వేళ్లు, పుల్లలతో పని కానిచ్చేవారు ఆ స్థానాన్ని ఆక్రమించారు. రక్తస్రావంతోనో, చీము పట్టిన గర్భసంచితోనో ఆసుపత్రికి చేరిన స్త్రీ జరిగినది బయటపెడితే కేసు, పెట్టకపోతే చావు అన్న స్థితిలో ఉండేది.

ఈ పరిస్థితిని పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం 1964లో, నాటి మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. 1966 డిసెంబరులో ఆ కమిటీ నివేదిక సమర్పించింది. 50 కోట్ల జనాభాలో ఏటా 65 లక్షల గర్భాలు మధ్యలోనే పోతున్నాయని, వాటిలో 26 లక్షలు సహజంగా జరిగినవి కాగా 39 లక్షలు కావాలని చేయించుకున్నవని అంచనా వేసింది. ఈ రెండో అంకె దేశాన్ని ఆలోచింపజేసింది. ఏటా లక్షల మంది చేస్తున్న పనిని నేరమని పుస్తకంలో రాసి ఉంచడం వల్ల ఆ పని ఆగలేదు. దాని ప్రమాదం మాత్రం పెరిగింది.

నివేదిక అందిన కొద్ది నెలలకే, 1967 మార్చిలో, రాజ్యసభ సభ్యుడైన చంద్రశేఖర్ ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యారు. అదే ఏడాది నవంబరు నుంచి ఆ శాఖలోనే సహాయమంత్రిగా కొనసాగారు. ఎర్ర త్రికోణం గుర్తు గోడలెక్కినది, నిరోధ్ చౌక ధరకు దుకాణాలలోకి వచ్చినది ఆ కాలంలోనే. గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని సడలించాలని దేశంలోనూ విదేశీ వేదికలపైనా ఆయన వాదించారు. షా కమిటీ సిఫారసుల ఆధారంగా రూపొందిన బిల్లు 1969 నవంబరులో రాజ్యసభలో ప్రవేశించింది.

ప్రభుత్వం బిల్లుకు మూడు ఆధారాలు చూపింది. మొదటిది ఆరోగ్యం: తల్లి ప్రాణానికి గాని, శారీరక మానసిక ఆరోగ్యానికి గాని ముప్పు ఉన్నప్పుడు. రెండవది మానవత: అత్యాచారం వంటి నేరం వల్ల గర్భం వచ్చినప్పుడు. మూడవది పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన అవకరాలు ఉండే ప్రమాదం. బిల్లు ఉద్దేశాల ప్రకటనలోని ఒక మాట అన్నింటికన్నా కీలకమైనది. గర్భస్రావానికి తెగించి ఆసుపత్రుల పాలవుతున్న తల్లులలో అత్యధికులు వివాహితలేనని, గర్భాన్ని దాచుకోవలసిన అగత్యం వారికి లేదని ప్రభుత్వం అందులో పేర్కొంది. దానితో చర్చ స్వరూపమే మారింది. అంతవరకు శీలం, పాపం, పరువు చుట్టూ తిరిగిన విషయం తల్లుల మరణాల ప్రశ్నగా సభ ముందు నిలిచింది.

అనుమానాలు లేకపోలేదు. చట్టం సడలితే నీతి సడలుతుందన్నది ఒకటి. గర్భస్థ శిశువు ప్రాణాన్ని తీసే హక్కు ఎవరికీ లేదన్న మతపరమైన అభ్యంతరం ఇంకొకటి. మూడవది సూటిగా చంద్రశేఖర్‌ను తాకేది: ఆరోగ్యం పేరు చెప్పి ప్రభుత్వం జనాభా తగ్గించుకోజూస్తున్నదన్న శంక. ఈ శంకకు ఆయన స్వయంగా కొంత చోటిచ్చారు. 1967లో, ముగ్గురు లేదా అంతకు మించి పిల్లలున్న పురుషులకు నిర్బంధంగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించాలన్న ప్రతిపాదనను ఆయన ముందుకు తెచ్చారు. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ట్రాన్సిస్టర్ రేడియో బహుమతిగా ఇవ్వాలన్న ఆలోచన ఆయన పేరుతోనే దేశమంతటా ప్రచారమైంది. నిర్బంధ ప్రతిపాదన నాడు చట్టం కాలేదు. కాని దాదాపు పదేళ్లకు, అత్యవసర పరిస్థితి కాలంలో, దేశం నిర్బంధమంటే ఏమిటో చూసింది. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి.

అందువల్ల చంద్రశేఖర్ వారసత్వాన్ని ఒక్క మాటలో తేల్చలేము. పురుషుని శరీరం విషయంలో నిర్బంధాన్ని సమర్థించిన ఆయన, స్త్రీ విషయంలో నేరమన్న ముద్ర తొలగించడానికి కృషి చేశారు. రెండింటి వెనుకా ఉన్నది జనాభా లెక్కే. కాని రెండవ పని ఫలితం లెక్కను దాటి వెళ్లింది. బిల్లులో ఎక్కడా నిర్బంధం లేదు. స్త్రీ సమ్మతి లేనిదే గర్భవిచ్ఛిత్తి కుదరదని, మేజర్ అయిన స్త్రీకి భర్త అనుమతి గాని మరొకరి అనుమతి గాని అక్కరలేదని చట్టం స్పష్టం చేసింది. 1971 నాటి భారతీయ కుటుంబంలో ఈ నిబంధన చిన్నది కాదు.

ఉభయసభల సంయుక్త కమిటీ పరిశీలన తరువాత బిల్లు 1971 మే నెలలో రాజ్యసభ, ఆగస్టు 2న లోక్‌సభ ఆమోదం పొందింది. ఆగస్టు 10న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికి చంద్రశేఖర్ మంత్రి కారు. ఆయన పదవీకాలం 1970లోనే ముగిసింది. 2021 సవరణ వరకు చట్టం ప్రకారం 12 వారాల లోపు గర్భానికి ఒక వైద్యుని అభిప్రాయం, 12 నుంచి 20 వారాల మధ్య ఇద్దరి అభిప్రాయం అవసరమయ్యేవి. భార్యాభర్తలు వాడిన గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భం స్త్రీ మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలిగించేదిగా భావించవచ్చునన్న వివరణ అందులో చేరింది. వివాహితలకు ఇది విశాలమైన వెసులుబాటు. అవివాహితకు, ఒంటరి స్త్రీకి మాత్రం ఆ వాక్యంలో చోటు దక్కలేదు. వివాహిత తల్లిని ముందు నిలిపి గెలిచిన వాదనలో ఉన్న లోటు ఇది.

పదవి వీడిన తరువాత కూడా ఈ విషయాన్ని ఆయన వదలలేదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాల ఆధారంగా, భారతదేశ అనుభవాన్ని ప్రధానంగా తీసుకుని గర్భవిచ్ఛిత్తి సమస్యపై 1974లో గ్రంథం ప్రచురించారు. 1975 నుంచి 1978 వరకు అణ్ణామలై విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. కుటుంబ నియంత్రణను వివరించే పుస్తకాన్ని ప్రచురించినందుకు 1877లో లండన్‌లో చార్లెస్ బ్రాడ్‌లా, అనీబిసెంట్ ఎదుర్కొన్న విచారణపై 1981లో మరో పుస్తకం వెలువరించారు. తరువాత మద్రాసు అడయారును కార్యక్షేత్రంగా చేసుకున్న అనీబిసెంట్ జీవితంలోని ఈ ఘట్టం దక్షిణాది పాఠకులకు అంతగా పరిచయం లేనిది. చివరి దశలో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడిన చంద్రశేఖర్ 2001 జూన్ 14న శాన్ డియాగోలో కన్నుమూశారు.

ఆయన కాలంలో ఊహకు అందని పరిణామాలను చట్టం తరువాత చూసింది. గర్భంలోని బిడ్డ ఆడో మగో తెలిపే పరీక్షలు వచ్చి, ఆడపిల్లలను కడుపులోనే తొలగించే దురాచారం వ్యాపించింది. దానిని అరికట్టేందుకు పార్లమెంటు 1994లో వేరే చట్టం చేయవలసి వచ్చింది. 2021 సవరణ కొన్ని ప్రత్యేక సందర్భాలలో గడువును 24 వారాలకు పెంచింది. భర్త అన్న మాట స్థానంలో భాగస్వామి అన్న మాటను చేర్చింది. చట్టం ఇచ్చే రక్షణలో వివాహితకూ అవివాహితకూ తేడా చూపరాదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యసభ ముందుకు వచ్చిన నాటి లోటు పూడడానికి అరశతాబ్దం పట్టింది. అయినా గర్భస్రావం నేటికీ మూలంలో నేరమే. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 88వ సెక్షన్‌గా ఆ నేరం కొనసాగుతోంది. 1971 చట్టం దానికి ఒక మినహాయింపు మాత్రమే.

ఆ మినహాయింపు పొందాలంటే అర్హత గల వైద్యుడు ఉండాలి, ప్రభుత్వ ఆసుపత్రి లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన చోటు ఉండాలి. నగర స్త్రీకి ఇవి రక్షణ కవచాలు. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న బస్తర్ ప్రాంతపు మరైగూడ వంటి పల్లెలలోని స్త్రీకి ఇవే దూరభారాలు. వైద్యం కోసం సరిహద్దు దాటి భద్రాచలం దాకా ప్రయాణించే కుటుంబాలు ఆ సీమలో కొత్త కాదు. వారాలలో కొలిచే గడువు అటువంటి చోట తొందరగా కరిగిపోతుంది. డాక్టరు దగ్గరకు చేరలేని స్త్రీకి నాటు మందే దిక్కైన స్థితిని మార్చడానికే 1969 బిల్లు వచ్చింది. చట్టం పుస్తకంలో ఆ పని 1972లో పూర్తయింది. పల్లెకు సమీపంలో శిక్షణ పొందిన వైద్యుడు, నమ్మకమైన ఆసుపత్రి ఏర్పడినప్పుడే నేల మీద కూడా అది పూర్తవుతుంది.