శ్రీ మల్లంపల్లి సోమశేఖరశర్మగారు

మన కొవ్వూరు గోష్పాదరేవున నిలిచి గోదావరి ఆవలిగట్టు చూచినవారికి రాజమహేంద్రవరము కనబడును. ఆరువందల ఏండ్ల క్రిందట ఆ నగరమును రాజధానిగా చేసికొని రెడ్డిరాజులు ఈ సీమను ఏలిరి. వారికి ముందు కాకతీయ రాజ్యము కూలిపోగా ఈ దేశము చెదరి, మరల నిలదొక్కుకొనెను. ఈ కథ చిరకాలము మరుగుపడియుండెను. రాళ్ళనుండియు రాగిరేకులనుండియు దానిని ఏర్చి కూర్చి మనకందించిన పరిశోధకులలో అగ్రగణ్యులు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు. వారు మన డెల్టాలోని ఒక పల్లెటూరి బిడ్డ. ఈ రజతోత్సవ సంచికలో వారిని స్మరించుట మనకు సంతోషము, విధియును.

శర్మగారు 1891లో మినిమించిలిపాడు గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు పశ్చిమ గోదావరి జిల్లా పోడూరు మండలములో నున్నది. మెట్రిక్యులేషనుతో వారి బడి చదువు ముగిసెను. కళాశాల పట్టము వారికి లేదు. తొలినాళ్ళలో రాజమహేంద్రవరమున చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి దేశమాత పత్రికలో కొంతకాలము పనిచేసిరి. అవి తెలుగువారు తమ చరిత్రను తామే వ్రాసికొనవలెనని ఉవ్విళ్ళూరిన రోజులు. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో వెలువడెను. ఆ ఉత్సాహము ఈ యువకుని హృదయమునకును సోకెను.

పిమ్మట శర్మగారు చెన్నపట్టణము చేరి కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞానసర్వస్వ కార్యమున సహాయకులైరి. లక్ష్మణరావుగారు 1923లో దివంగతులగువరకును, అటుపిమ్మటను, శర్మగారికి గ్రంథాలయమే కళాశాల, పరిశోధనయే పట్టము. ప్రాచీనలిపులను చదువుట, శాసనములను పరిష్కరించుట వారు స్వయంకృషితో సాధించిరి.

శాసనములు చదువుట ఎంత ఓపికతో కూడిన పనియో మన పాఠకులు తెలిసికొనదగును. ముందుగా శిలను కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, కుంచెతో తట్టుదురు. అక్షరముల పల్లములలోనికి కాగితము దిగిన పిదప సిరా అద్దుదురు. అక్షరములు తెల్లగను, చుట్టును నల్లగను తేలును. అరిగిపోయిన అక్షరమును పోల్చుకొనవలెను. శకవర్షమునకు డెబ్బదియెనిమిది కలిపి క్రీస్తుశకమును లెక్కింపవలెను. అందు పేర్కొనిన ఊరు నేడెక్కడ నున్నదో వెదకవలెను. కోరుకొండలో ముమ్మడి నాయకుని కాలపు శాసనము శకవర్షము 1275 నాటిది, అనగా క్రీ.శ. 1353. ఇట్టి శాసనములను ఒకదానితో నొకటి సరిపోల్చినప్పుడే చరిత్ర తీగ అల్లుకొనును.

1323లో ఓరుగల్లు పతనమయ్యెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవు దారిలో నర్మదాతీరమున మరణించెను. ఆ పిదప కొన్ని ఏండ్లపాటు తెలుగుదేశమున ఏమి జరిగెనో తెలియక చరిత్రలో పెద్ద ఖాళీ యేర్పడియుండెను. ఆ ఖాళీని పూరించుటకు మన గోదావరి సీమయే ఆధారమిచ్చెను. రాజమహేంద్రవరపు రెడ్డిరాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు తామ్రశాసనములో ముసునూరి ప్రోలయనాయకుని ప్రస్తావన కలదు. అతని పిదప కాపయనాయకుని డెబ్బదియైదుగురు నాయకులు సేవించిరనియు అందు కలదు. ఇట్టి ఆధారములతో శర్మగారు ముసునూరి నాయకుల చరిత్రను ఆంగ్లమున ఒక గ్రంథముగా రచించిరి. ఆంధ్రచరిత్రలో మరచిపోయిన అధ్యాయమని దానికి పేరిడిరి.

కోనసీమలోని విలస గ్రామమునకు సంబంధించిన ప్రోలయనాయకుని తామ్రశాసనమును శర్మగారు నేలటూరి వెంకటరమణయ్యగారితో కలిసి పరిష్కరించిరి. అది ఎపిగ్రాఫియా ఇండికా 32వ సంపుటమున ప్రకటితమయ్యెను. భద్రాచలమునకు దిగువన గోదావరి యొడ్డున నున్న రేకపల్లి ప్రోలయనాయకుని రాజధాని. యుద్ధములవలన ప్రజలు పడిన పాట్లను, అతడు అగ్రహారములను మరల ఇచ్చుటను ఆ శాసనము వర్ణించును. శాసనకవి తన ప్రభువును పొగడుట సహజము. కావున నేటి పరిశోధకులు ఆ వర్ణనలను ఆచితూచి చదువుచున్నారు. అయినను ఆ రాగిరేకులు లేకున్నచో అట్లు తర్కించుటకైనను మనకు ఏమియు మిగిలియుండెడిది కాదు.

శర్మగారి మహాగ్రంథము రెడ్డిరాజ్యముల చరిత్ర. దీనిని ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో ప్రచురించెను. ఇది సుమారు 1325 మొదలు 1448 వరకు గల కాలమును గూర్చినది. రాజుల యుద్ధములతో వారు తృప్తిపడలేదు. నాటి మతము, వ్యవసాయము, వర్తకము, జనుల ఆచారవ్యవహారములు సయితము అందు విపులముగా చర్చించిరి. పట్టములేని ఈ పండితుడు ఆ విశ్వవిద్యాలయముననే చరిత్రాధ్యాపకుడై విద్యార్థులకు దారి చూపుట తెలుగువారు గర్వింపదగిన విషయము. 1963 జనవరిలో వారు కీర్తిశేషులైరి.

వారి జీవితము మనకు అప్పగించిన పని యొకటి కలదు. దానశాసనములలో గ్రామపు ఎల్లలు చెప్పుట ఆచారము. తూర్పున చెరువు, దక్షిణమున పుట్ట, పడమట చింతచెట్టు, ఉత్తరమున ఏటిపాయ, ఇట్లు నాటి నేల యెట్లుండెనో అందు తెలియును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన పిదప మన డెల్టా రూపురేఖలే మారిపోయినవి. పాత నేలను గూర్చి చెప్పగల సాక్షులు శాసనములు, పొలముల పేర్లు, పెద్దల నోటిమాటలు మాత్రమే. కాని శాసనశిలలు కొన్నిచోట్ల బట్టలుదుకు బండలైనవి, కొన్నిచోట్ల సున్నముక్రింద మునిగినవి. భూమిలో దొరికిన రాగిరేకు కంచరివాని కొలిమి చేరినచో ఒక ఊరి పుట్టుక అంతటితో కరగిపోయినట్లే.

కావున సోదరులారా, మన ఊళ్ళలో అక్షరములు గల రాయి కనబడినచో దానిపై సున్నము వేయకుడు, కదల్పకుడు. దున్నునప్పుడుగాని పునాది త్రవ్వునప్పుడుగాని రాగిరేకులు, నాణెములు బయల్పడినచో అధికారులకు తెలుపుడు. అది చట్టము చెప్పిన విధి కూడ. మన గ్రంథాలయమున ఒక పుస్తకముంచి, పొలముల పాతపేర్లు, పూడిపోయిన చెరువుల తావులు పెద్దలనడిగి వ్రాసియుంచిన మేలు. మినిమించిలిపాడు బిడ్డవలె శాసనములు చదువువాడు మన పిల్లలలో రేపు పుట్టవచ్చును. అతడు వచ్చునాటికి చదువుటకు రాయి మిగిలియుండవలెను గదా!