తిత్తుల మీద ఎగిరిన విమానం

మా హాస్టల్లో ఖాళీగా పడున్న ఒక గదిలో ఒక కుర్చీ ఉంది. పాత కారు సీటు, దాని కింద ఒక యూనివర్సల్ జాయింట్, వెనక రెండు వైపర్ మోటార్లు. కంప్యూటర్లో విమానం పక్కకి వాలితే కుర్చీ కూడా వాలాలి. అంతే ప్లాన్. దానికి మోషన్ సిమ్యులేటర్ అని గొప్పగా పేరు కూడా పెట్టుకున్నాం. మొదటిసారి స్విచ్ వేస్తే అది వాలలేదు, వణికింది. చలిజ్వరం వచ్చినవాడిలా ఆగకుండా వణుకుతూనే ఉంది. దాన్ని బాగుచేయడానికి తంటాలు పడుతూ, అసలు ఈ పని ముందు ఎవరు చేశారా అని వెతికితే ఎడ్విన్ లింక్ దొరికాడు. మైక్రోకంట్రోలర్ లేదు, ప్రోగ్రాం లేదు, స్క్రీన్ లేదు. అయినా 1929 నాటికే మనిషిని కూర్చోబెట్టి నేల మీదే విమానం నడిపించాడు.

లింక్ 1904లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, హంటింగ్టన్ అనే ఊళ్లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌కి మారింది. వాళ్ల నాన్న అక్కడ దివాలా తీసిన ఒక సంగీత వాయిద్యాల కంపెనీని కొని నిలబెట్టాడు. మనిషి అవసరం లేకుండా వాటంతట అవే మోగే పియానోలు, సినిమా హాళ్లలో మూకీ చిత్రాలకు వాయించే పెద్ద పెద్ద ఆర్గాన్లు అక్కడ తయారయ్యేవి. వీటన్నిటికీ ప్రాణం గాలి. మన హార్మోనియంలో తిత్తి ఉంటుంది కదా, అలాంటివే చిన్నవీ పెద్దవీ బోలెడు తిత్తులు, గొట్టాలు, కవాటాలు. కాగితపు చుట్ట మీద చిల్లు ఎక్కడుంటే అక్కడ గాలి కదిలి, ఆ మెట్టు మోగేది. లింక్ ఆ తిత్తులు రిపేరు చేస్తూ పెరిగాడు.

1920లో కాలిఫోర్నియాలో మొదటిసారి విమానం ఎక్కాడు. నేర్చుకుందామని 50 డాలర్లు కట్టాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. నేర్పేవాడు మాత్రం ఆకాశంలో పల్టీలు కొట్టించి, గింగిరాలు తిప్పి కిందికి దించాడు. కుర్రాడి చేతికి కంట్రోల్ ఒక్కసారి కూడా ఇవ్వలేదు. డ్రైవింగ్ స్కూల్‌కి డబ్బు కట్టి పక్క సీట్లో కూర్చుని ఊరు చూసి వచ్చినట్టన్నమాట. ఇంతకీ నేర్పేవాడిదే తప్పు అనడానికీ లేదు. కొత్తవాడి చేతిలో విమానం పెడితే, వాడు చేసే మొదటి తప్పే ఇద్దరికీ ఆఖరి తప్పు కావచ్చు. తప్పు చేయకుండా నేర్చుకోలేం, గాల్లో తప్పు చేస్తే బతకలేం. లింక్ జీవితమంతా ఈ ముడి చుట్టూనే తిరిగింది.

1927 నాటికి సెస్నా కంపెనీ అమ్మిన తొలి విమానాల్లో ఒకటి సంపాదించాడు. ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించుకుంటూ, పాఠాలు చెబుతూ పొట్ట పోసుకున్నాడు. అదే సమయంలో నాన్నగారి ఆర్గాన్ ఫ్యాక్టరీ కింది అంతస్తులో ఒక పెట్టె కట్టడం మొదలుపెట్టాడు. పొట్టి రెక్కలు, తోక ఉన్న చిన్న విమానం బొమ్మలాంటిది. ఒక మనిషి లోపల కూర్చోవచ్చు.

పని చేసే తీరు వింటే మెకానికల్ వాళ్లకి ముచ్చటేస్తుంది. పెట్టె మొత్తం మధ్యలో ఒక యూనివర్సల్ జాయింట్ మీద నిలబడుతుంది. కింద ముందూ వెనకా, కుడీ ఎడమా నాలుగు తిత్తులు. ఎలక్ట్రిక్ మోటారుతో తిరిగే పంపు గాలిని పీలుస్తుంది. పైలట్ కర్రని ఎడమకి నెడితే కవాటం తెరుచుకుని ఎడమ తిత్తిలో గాలి పోతుంది, అది ముడుచుకుంటుంది. కుడి తిత్తిలోకి గాలి చేరి అది ఉబ్బుతుంది. పెట్టె ఎడమకి వాలుతుంది. చుట్టూ గుండ్రంగా తిరగడానికి తిత్తులతోనే నడిచే ఇంకో మోటారు. కర్ర ఎంత కదిపితే అంత గాలి. కుదుపు లేకుండా మెత్తగా కదిలేది. మా రెండు వైపర్ మోటార్లకి రానిది అదే.

పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1931లో వచ్చింది. పేటెంట్ పేరులోనే విద్యార్థి పైలట్లకు శిక్షణ, వినోదం రెండూ కలిపి రాసుకున్నాడు. జరిగింది వినోదమే. విమానయాన స్కూళ్లు, సైన్యం ఎవరూ పట్టించుకోలేదు. మన ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ పక్కన పిల్లలు ఎక్కే విమానాలుంటాయే, అలా అమ్యూజ్‌మెంట్ పార్కుల్లోకి పోయింది ఆయన యంత్రం. ఈలోగా టాకీలు వచ్చి సినిమా హాళ్లలో ఆర్గాన్లకి పని లేకుండా చేశాయి. దేశమంతా ఆర్థిక మాంద్యం. 1931లోనే మారియన్ క్లేటన్‌ని పెళ్లి చేసుకున్నాడు. తన పెట్టెతోనే ఫ్లయింగ్ స్కూల్ పెట్టాడు. విమానం రెక్కల కింద దీపాల అక్షరాలు అమర్చి, రాత్రిపూట ఊళ్ల మీద ప్రకటనలు ఎగరేశాడు. ఆ దీపాల్ని వెలిగించి ఆర్పేది కూడా పియానో చుట్టల పద్ధతే. రాత్రుళ్లు అలా ఎగిరీ ఎగిరీ ఆయనకి ఒక విషయం బాగా తెలిసొచ్చింది. చీకట్లో కంటిని నమ్ముకుని ఎగరలేం. ముందున్న మీటర్లనే నమ్మాలి.

అది ఎందుకో చెప్పాలి. మన చెవి లోపల ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, దాంతో తిరుగుతున్నామని తెలుస్తుంది. కానీ ఒకే వేగంతో కాసేపు తిరుగుతూనే ఉంటే ద్రవం కూడా ఆ వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. మబ్బులో ఉన్న పైలట్ మలుపు తిరుగుతూ కిందికి జారుతుంటాడు, ఒళ్లు మాత్రం అంతా బాగానే ఉందంటుంది. ఒంటి మాట విన్నవాడు నేలని కొడతాడు. లింక్ తన పెట్టెకి మీటర్లు బిగించి, పైన మూత పెట్టాడు. బయట ఏమీ కనిపించదు. కాసేపటికి ఒళ్లు ఒకటి చెబుతుంది, ముల్లు ఇంకోటి చెబుతుంది. ముల్లునే నమ్మడం అక్కడ నేర్చుకోవాలి. నమ్మకపోతే పెట్టె గిర్రున తిరుగుతుంది. మూత తీసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులు రద్దు చేసి, టపా మోసే పనిని సైన్యం పైలట్లకు అప్పగించింది. చలికాలం, మంచు, రాత్రి ప్రయాణాలు. మీటర్లు చూసి ఎగరడంలో వాళ్లలో చాలామందికి సరైన శిక్షణ లేదు. ఆ కొద్ది నెలల్లో పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చాడు లింక్. ఆయన్ని కలవడానికి సైన్యం అధికారులు నెవార్క్ విమానాశ్రయానికి వచ్చారు. ఆ రోజు వాతావరణం ఎంత ఘోరంగా ఉందంటే, ఇక రాడులే అని వాళ్లు బయల్దేరబోతున్నారు. ఆ మబ్బులోంచే, మీటర్లు చూసుకుంటూ, లింక్ దిగాడు. వేరే ప్రెజెంటేషన్ అక్కర్లేకపోయింది. సైన్యం ఆరు యంత్రాలు కొంది, ఒక్కొక్కటి 3,500 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పది వేలకు పైగా తయారయ్యాయి. అయిదు లక్షలమందికి పైగా పైలట్లు ఆ నీలం పెట్టెల్లో కూర్చుని లేచారని లెక్క.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విజయగాథ. కానీ లింక్ ఆగలేదు. 1954లో కంపెనీ అమ్మేసి సముద్రం వైపు తిరిగాడు. మనిషి నీటి అడుగున ఎక్కువసేపు ఉండి పనిచేయాలని కోరిక. 1962లో తను తయారుచేసిన గొట్టంలాంటి గదిలో ముందు తనే కూర్చుని, 60 అడుగుల లోతులో ఎనిమిది గంటలు గడిపాడు. అప్పటికి ఆయనకి 58 ఏళ్లు. తర్వాత ఫ్లోరిడాలో జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామికి రూపకల్పన చేశాడు. ముందు భాగం పారదర్శకమైన అక్రిలిక్ గోళం, వెనక అల్యూమినియం గది.

1973 జూన్ 17న అది కీ వెస్ట్ దగ్గర, సుమారు 360 అడుగుల లోతులో, మునిగిపోయిన ఓడ తీగల్లో చిక్కుకుంది. లోపల నలుగురు. వెనక గదిలో ఉన్న ఇద్దరిలో ఒకడు లింక్ కొడుకు క్లేటన్, వయసు 31. పైన ఓడలో లింక్ ఉన్నాడు. బయటికి లాగడానికి ఒక రోజుకు పైగా పట్టింది. అల్యూమినియం గోడలు సముద్రపు చలిని లోపలికి తెచ్చాయి. ఊపిరిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకోవాల్సిన రసాయనం ఆ చలికి సరిగా పనిచేయలేదు. ముందు గోళంలో ఇద్దరు బతికారు. క్లేటన్, అతనితో ఉన్న ఇంకొకరు చనిపోయారు.

తప్పు చేసినా లేచి రావడానికి లక్షలమందికి ఒక చోటు కట్టిచ్చినవాడు, తన కొడుక్కి ఆ చోటు ఇవ్వలేకపోయాడు. ఆ తర్వాత ఆయన ఏం చేశాడన్నదే నన్ను పట్టుకుంది. మళ్లీ డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చున్నాడు. మనుషులు లేకుండా కేబుల్‌తో కిందికి దిగి, దీపాలు, కెమెరాతో చూస్తూ, చిక్కుకున్న తీగల్ని కత్తిరించగల రక్షణ యంత్రాన్ని తయారుచేశాడు. ఎక్కడ ఫెయిల్ అయిందో అక్కడికే తిరిగి వెళ్లాడు. 1981 సెప్టెంబర్ 7న బింగ్‌హామ్టన్‌లో కన్నుమూశాడు.

మా కుర్చీ సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగు రాత్రులు పీఐడీ విలువలు మారుస్తూ కూర్చున్నాం. వణుకు తగ్గినట్టే అనిపించేది, మళ్లీ వచ్చేది. అయిదో రోజు ఊహలు మానేసి, కుర్చీ ఎంత వాలిందో చెప్పే పొటెన్షియోమీటర్ రీడింగ్‌ని గ్రాఫ్ గీసి చూశాం. మోటార్లకు పవర్ ఆపితే గీత తిన్నగా ఉంది. పవర్ ఇస్తే, కుర్చీని కదలకుండా బిగించి పట్టుకున్నా గీత ఎగిరెగిరి పడుతోంది. సెన్సర్ తీగని మోటారు తీగతో కలిపి ఒకే కట్టగా కట్టేశాం, ఆ నాయిసే ఇది. లేని కదలికని సరిదిద్దబోయి మోటారు వణుకుతోంది. తీగలు విడదీసి, షీల్డ్ ఉన్న కేబుల్ వేశాం. వణుకు పోయింది. ఒంటిని కాదు, ముల్లుని చూడమని లింక్ నేర్పిన పాఠం ఇదే కదా అనిపించింది.

ఆ సాయంత్రమే ఇంకో పని కూడా చేశాం. ఇన్నాళ్లూ తర్వాత చూద్దాం లే అని వాయిదా వేసిన ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ని, కూర్చున్నవాడి చేతికి అందేలా బిగించాం. ఆ తర్వాతే మొదటి మనిషిని కూర్చోబెట్టాం.