బంగారు ఉప్పుగిన్నె

ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరము శిల్పులకును చిత్రకారులకును పుట్టినిల్లు. ఆ నగరమున 1500వ సంవత్సరము నవంబరు 3వ తేదీన బెన్వెనూటో చెల్లీనీ జన్మించెను. తండ్రి జొవాన్నీ సంగీత విద్వాంసుడు. కుమారుడు వేణుగానమున పేరు పొందవలెనని ఆయన కోరిక. కాని బాలుని మనస్సు కంసాలి కొలిమిమీదనే నిలిచెను. పదునైదవ యేట అతడు ఒక స్వర్ణకారునివద్ద పనికి కుదిరెను. తండ్రిని నొప్పింపజాలక అప్పుడప్పుడు వేణువును వాయించుచునే యుండెను.

యౌవనమున చెల్లీనీ రోమునకు పోయి, పోపు ఏడవ క్లెమెంటు ఆదరమును బడసెను. 1527లో శత్రుసైన్యములు రోమును దోచుకొనగా, పోపు కోటలో తలదాచుకొనెను. ఆ విపత్సమయమున పోపు ఆజ్ఞచే చెల్లీనీ కిరీటములనుండి రత్నములను ఊడదీసి, బంగారమును కరగించెను. పూర్వపు పనివారి నేర్పంతయు కొలిమిలో ముద్దయై పోయెను. బంగారపు విలువయే పనితనమునకు శత్రువగుట అతడు కన్నులార చూచెను.

చెల్లీనీ గొప్ప పనివాడే కాని శాంతస్వభావుడు కాడు. కోపము వచ్చినచో కత్తి దూసెడివాడు. నరహత్యకు సైతము వెనుదీయలేదు. 1538లో, పోపుగారి రత్నములను అపహరించెనను నేరము మోపబడి, తాను పూర్వము కాపాడిన కోటలోనే బందీ యయ్యెను. ఇప్పోలితో దెస్తె అను కార్డినలు అతనిని విడిపించెను. ఆయనకొరకు చెల్లీనీ ఉప్పుగిన్నె యొకటి చేయదలచి, మైనముతో మాదిరిని చేసి చూపెను. అట్టి పనిని చేయించుట రాజులకే తగునని కార్డినలు తలంచెను.

1540లో చెల్లీనీ ఫ్రాన్సు దేశము చేరెను. రాజగు మొదటి ఫ్రాన్సిస్ ఆ మాదిరిని చూచి ముగ్ధుడై, వేయి బంగారు నాణెము లిప్పించెను. ఆ సొమ్మును గంపలో పెట్టుకొని యింటికి పోవుచుండగా నలుగురు దుండగులు పైబడిరనియు, వారినందరిని ఒంటరిగా తరిమితిననియు అతడు ఆత్మకథలో చెప్పుకొనెను.

రోమకుల పురాణములలో నెప్ట్యూను సముద్రమునకు అధిదేవత. చెల్లీనీ అతనిని భూదేవికి ఎదురుగా కూర్చుండబెట్టెను. సముద్రుని చేత త్రిశూలము, ప్రక్కను ఉప్పు పోయుటకు ఓడ. భూదేవి ప్రక్కను మిరియములు పోయుటకు చిన్న మందిరము. ఉప్పు సముద్రమునుండియు, మిరియము భూమినుండియు లభించును గదా! సముద్రము భూమిలోనికి, భూమి సముద్రములోనికి చొచ్చుకొని యుండునట్లు వారిరువురి పాదములు పెనవైచుకొని యుండును.

బంగారు రేకును సుత్తితో కొట్టి రూపములు తీర్చిన పిమ్మట మీనా పని చేయవలెను. రంగు గాజును నీటితో మెత్తగా నూరి, బంగారుమీద పలుచగా పరచి, తడి ఆర్చి, కొలిమిలో నుంచవలెను. వేడి తక్కువైనచో గాజు అంటుకొనదు. ఎక్కువైనచో రంగు చెడును, బంగారమే కరగిపోవును. గాజు కరగి బంగారము కరగని క్షణమును కనిపెట్టి బయటికి తీయవలెను. ఒక్క క్షణము ఏమరినచో నెలల శ్రమ మట్టిపాలగును. ఈ పరీక్ష ఒక్కమారుతో ముగియదు. మరల పూయవలెను, మరల కాల్పవలెను.

1543లో పని ముగిసెను. గిన్నె ఎత్తు సుమారు 26 సెంటీమీటర్లు. రాజు దానిని చూచి ఆశ్చర్యపడి, తాను కోరువరకు ఇంటనే భద్రపరుపుమనెను. చెల్లీనీ మిత్రులను విందునకు పిలిచి, రాజుకంటె ముందుగా దానిని వాడెను!

తరువాత అతడు ఫ్లారెన్సునకు మరలి, 1554లో పెర్సియసు కంచు విగ్రహమును ప్రతిష్ఠించెను, 1568లో స్వర్ణకార విద్యపై గ్రంథమును ప్రకటించెను, 1571లో మరణించెను. అతని బంగారు పనులు దాదాపు అన్నియు కరగిపోయినవి. ఉప్పుగిన్నె మాత్రము 1570లో ఆస్ట్రియా రాజవంశమునకు కానుకగా పోయి నిలిచెను. 2003లో వియన్నా ప్రదర్శనశాలనుండి దొంగిలింపబడి, 2006లో అడవిలో పాతిపెట్టబడి దొరకెను.

అందలి బంగారము తూకమునకు దొరకును. చెల్లీనీ దోషములు అనుసరింపదగినవి కావు. కాని కొలిమి యెదుట అతడు చూపిన ఓర్పు ఏ త్రాసునకును తూగనిది.