రూథర్‌ఫర్డు: జీవితమును, ప్రతిమయును

మహాపురుషుల రూపములను శిల్పులు శిలయందు నిలుపుదురు. చూచువారి కన్నులను జాతిభేదమను పొర గప్పినచో ఆ శిలయు కలహకారణమగును. రూథర్‌ఫర్డు చరిత్రమే యిందులకు నిదర్శనము.

ఎర్నెస్టు రూథర్‌ఫర్డు 1871 ఆగస్టు 30వ తేదీన న్యూజీలాండులోని నెల్సను పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి బండిచక్రములు చేయువాడు, తల్లి ఉపాధ్యాయిని. పన్నెండుగురు బిడ్డలలో ఆయన నాలుగవవాడు. సామ్రాజ్యపు మారుమూల బుట్టిన యా యువకుడు 1895లో విద్యార్థివేతనము బడసి కేంబ్రిడ్జి చేరెను. పిదప కెనడాలోని మాంట్రియలునందు సాడీతో గూడి, రేడియోధార్మిక మూలకములు తమంతట తామే వేరు మూలకములుగా మారుచున్నవని నిరూపించెను. 1908లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము నందెను.

మాంచెస్టరులో ఆయన కడ పనిచేయుచున్న గైగరు, మార్స్‌డెనులు 1909లో పలుచని బంగారు రేకుపై ఆల్ఫాకణములను ప్రయోగింపగా, వేలకొలది కణములలో నొకటి వెనుకకు మరలెను. ఈ వింతను విచారించి, పరమాణువులోని ద్రవ్యము దాదాపంతయు అత్యల్పమైన కేంద్రకమునందే యిమిడియున్నదని 1911లో ఆయన తేల్చెను. 1919లో నత్రజని కేంద్రకమును మార్పగలిగినట్లు ప్రకటించెను.

1933లో రష్యను శిష్యుడు కపిట్జా కేంబ్రిడ్జిలోని నూతన ప్రయోగశాలలో గురువు ప్రతిమను ఎరిక్ గిల్ అను శిల్పిచే చెక్కించెను. అందలి నాసిక పరజాతీయుల నాసికను బోలియున్నదని కొందరు అధిక్షేపించిరి. దానిని తొలగింపవలెనను మాటయు బుట్టెను. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు నీల్స్ బోరు ఆ శిల్పమును మెచ్చుకొనెను, ప్రతిమ నిలిచెను.

ఆ సంవత్సరముననే హిట్లరు ప్రభుత్వము యూదు పండితులను విశ్వవిద్యాలయములనుండి వెడలగొట్టెను. అట్టివారికి ఆశ్రయము గల్పింప ఇంగ్లండులో నేర్పడిన సహాయకసంఘమునకు రూథర్‌ఫర్డే అధ్యక్షుడయ్యెను. ముక్కును గూర్చి తగవులాడినవారికి ఇంతకంటె తగిన ప్రత్యుత్తర మేమున్నది?

1938 జనవరిలో కలకత్తాయందు జరుగనున్న భారత విజ్ఞానమహాసభ రజతోత్సవమునకు ఆయన అధ్యక్షత వహింపవలసియుండెను. కాని 1937 అక్టోబరు 19వ తేదీన దివంగతుడయ్యెను. ఆ పీఠమును జేమ్స్ జీన్సు అలంకరించెను. రూథర్‌ఫర్డు చితాభస్మము వెస్ట్‌మినిస్టరు దేవాలయమున న్యూటను సమాధిచెంత నిక్షిప్తమైనది. 1992 నుండి ఆయన ముఖము న్యూజీలాండు నూరు డాలర్ల నోటుపై వెలయుచున్నది.

విద్వాంసుని కులమునుబట్టియో మతమునుబట్టియో తూచు దేశము తన విద్యను తానే వెడలగొట్టుకొనును. జర్మనీ యట్లు నష్టపోయెను. మన విద్యాలయాధికారు లీ పాఠమును మరువరాదని మేము హెచ్చరించుచున్నాము.