యల్లాప్రగడ సుబ్బారావు

కృష్ణా, గోదావరీ డెల్టాల నడుమ విస్తరించిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరుల నీటిని తనలో కలుపుకొని, ఉప్పుటేరు ద్వారా దానిని సముద్రానికి చేరుస్తుంది. సరస్సుకు ఒక వైపున ఏలూరు, మరొక వైపున భీమవరం, దానికి ఎగువన తాడేపల్లిగూడెం ఉన్నాయి. ఈ ప్రాంతమంతా కాలువలతో, వరిచేలతో కళకళలాడుతుంది. అయితే పంటకు ప్రాణమైన ఆ నీరే మురుగై నిలిచినచోట దోమలకు నెలవైంది. దోమకాటు వలన వ్యాపించే బోదకాలు ఈ ప్రాంత ప్రజలను తరతరాలుగా పీడించింది. ఆ వ్యాధికి మందును సాధించిన పరిశోధనకు సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ గడ్డపైనే జన్మించడం విశేషం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బాల్యంలో ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. ధనార్జన కోసం ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా పెద్దలు దారిలోనే పట్టి వెనుకకు తెచ్చారు. తండ్రి మరణించినా తల్లి అధైర్యపడక, నగలు అమ్మి కుమారుని చదివించింది. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఆ విద్యార్థి మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపును మన్నించి ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఇంతలో స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో బలిగొన్నది. తానూ ఆ వ్యాధికి గురై ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. కళ్లెదుటే సోదరులను కోల్పోయిన దుఃఖం ఆయనలో పరిశోధనా దీక్షగా మారింది. మామగారి ఆర్థిక సహాయంతో, భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి, 1922లో అమెరికాకు పయనమయ్యారు. మళ్లీ మాతృభూమిని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

బోస్టన్ నగరంలో రాత్రివేళ ఆసుపత్రిలో సేవకుని పనులు చేస్తూ ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేశారు. తరువాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవకణాలలో శక్తిని నిల్వ చేసి అందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలు ఆ పరిశోధనల ఫలితంగానే వెలుగుచూశాయి. ఇంతటి కృషి చేసినా ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఆ సంస్థ నుండి వెలువడిన ఔషధాల మహిమ తెలియాలంటే శరీరంలోని రక్షణ వ్యవస్థను కొంత ఎరుగవలసి ఉంటుంది. మన శరీరానికి పుట్టుకతోనే సంక్రమించిన రక్షకభటులు కొన్ని తెల్ల రక్తకణాలు. సూక్ష్మజీవి ప్రవేశించిన కొద్దిసేపటికే అవి ఆ చోటికి చేరి, దానిని చుట్టుముట్టి మింగివేస్తాయి. ఆ పోరులో ఆ భాగం ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. దీనినే శోథ అంటారు. హద్దులో ఉన్న శోథ రక్షణ. హద్దు మీరిన శోథ రోగం.

ఈ కణాలు ఎముకల మూలుగలో పుడతాయి. వాటి పుట్టుకకు ఫోలిక్ ఆమ్లం అవసరం. సుబ్బారావు బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుల ప్రాణాలు తీసిన స్ప్రూ వ్యాధికి చికిత్సలో ఆ ఫోలిక్ ఆమ్లమే తోడ్పడింది. అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి ఔషధాలలో ఇది మొదటిది. ఇది సూక్ష్మజీవుల వృద్ధిని నిలిపివేస్తుంది. మిగిలిన వాటిని తుదముట్టించే పని రక్షక కణాలు పూర్తిచేస్తాయి.

బోదకాలు మందైన హెట్రజాన్ 1947లో వెలుగులోకి వచ్చింది. ఆ మందు రక్తంలోని ఫైలేరియా పిల్లపురుగులను తనంతట తానే నేరుగా చంపేది కాదు. వాటిని రక్షక కణాలకు సులభంగా చిక్కేటట్లు చేస్తుందని శాస్త్రజ్ఞులు గ్రహించారు. అంటే, మందు దారి చూపగా శరీరమే శత్రువును జయిస్తుందన్నమాట.

కొన్నిసార్లు రక్షక కణాలే దారి తప్పుతాయి. తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగితే రక్త క్యాన్సర్ కలుగుతుంది. ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన రసాయనాలను సుబ్బారావు బృందం రూపొందించింది. వాటితో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947-48లో రక్త క్యాన్సర్‌తో బాధపడే పసిబిడ్డలకు తాత్కాలిక ఉపశమనం కలిగించగలిగారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేడు హద్దు మీరిన శోథను అణచి, కీళ్లవాత రోగులకు ఊరటనిస్తున్నది. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్ని కూడ ఇస్తారు. ఒకే పరిశోధకుని కృషి నుండి వచ్చిన రెండు పదార్థాలు, ఒకదానికొకటి విరోధులై కూడ, ఒకే రోగికి మేలు చేయడం అరుదైన విషయం.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, సుబ్బారావు అమెరికాలోనే కన్నుమూశారు. కీర్తికాంక్ష ఎరుగని ఆయనకు బ్రతికి ఉండగా తగిన గుర్తింపు రాలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలాబిళ్లను విడుదల చేసింది. బోదకాలు నిర్మూలనకై 2004 నుండి మన దేశంలో ఏటా సామూహికంగా మందు పంచే కార్యక్రమం మొదలైంది. గోదావరి జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ వచ్చి పంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ హెట్రజాన్ మందే. ఆయన తిరిగి రాలేకపోయినా, ఆయన కృషిఫలం మాత్రం పుట్టిన గడ్డకు తిరిగి చేరింది.