మన ప్రాంతపు మహానటుడు ఎస్.వి. రంగారావు

మామిడి తోటలకు పేరెన్నికగన్న నూజివీడులో 1918 జూలై 3వ తేదీన సామర్ల వెంకట రంగారావు జన్మించారు. ఒకనాడు కృష్ణా జిల్లాలో ఉండిన ఆ పట్టణం 2022 నుండి ఏలూరు జిల్లాలో భాగమైంది. 2019లో తాడేపల్లిగూడెంలో ఆయన కాంస్య విగ్రహాన్ని నటుడు చిరంజీవి ఆవిష్కరించారు. అటు నూజివీడు, ఇటు తాడేపల్లిగూడెం, నడుమ కొల్లేటి సీమ. ఈ మహానటుడు మనవాడని చెప్పుకొనుటకు మనకు హక్కున్నది.

నేడు మన విద్యార్థులలో కొందరు సినిమా అవకాశాలకై తమ నటనను తామే సెల్‌ఫోనులో చిత్రించి పంపుతున్నారు. పంపే ముందు స్నేహితులకు చూపుతారు. వారి నుండి తరచు లభించేవి రెండే: మితిమీరిన పొగడ్త, లేదా నవ్వులాట. ఈ రెండింటి వల్లనూ నటుడు ఒక్క అడుగైనా ముందుకు సాగడు. అందుకే రంగారావుగారి జీవితాన్ని ఈ దృష్టితో ఒకసారి పరిశీలింపదలచాము.

మద్రాసులో బాల్యం గడిపిన రంగారావుగారు విశాఖపట్నం, కాకినాడలలో ఉన్నత విద్య అభ్యసించారు. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం దొరికినా మనసు రంగస్థలం మీదనే నిలిచింది. కాకినాడలోని యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఆయనకు నటనాశాల అయింది. అంజలీదేవి, ఆదినారాయణరావు, 1975లో తాడేపల్లిగూడెంలో కన్నుమూసిన రేలంగి వెంకటరామయ్య మున్నగువారు కూడ ఆ సంస్థతో సంబంధం ఉన్నవారే.

అట్టి ఔత్సాహిక సమాజాలలో జీతమిచ్చే యజమాని లేడు. నటనను పట్టి చూపే కెమెరా లేదు. తన ముఖకవళికలను తాను చూచుకొనే వీలు నటునికి ఉండేది కాదు. పగలు వృత్తి ఉద్యోగాలు, రాత్రి రిహార్సల్సు. తన వంతు వచ్చేవరకు ఎదుట కూర్చున్న సహనటుడే ప్రేక్షకుడు, అతడే విమర్శకుడు, అతడే అద్దం. ఉర్దూ కవిత్వంలో శిష్యుని గజల్‌ను ఉస్తాదు సవరించే ‘ఇస్లాహ్’ సంప్రదాయం మన కళాశాలలో పలువురికి తెలిసినదే. ఉస్తాదు లేనిచోట ఆ బాధ్యత మిత్రులది.

రంగారావుగారికి తొలి అవకాశం ‘వరూధిని’ చిత్రంలో ప్రవరాఖ్యుని పాత్ర రూపంలో వచ్చింది. 1947లో విడుదలైన ఆ చిత్రం పరాజయం పాలైంది. అవకాశాలు రాలేదు. ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగం చేసుకొన్నారు. అయినా నటన మానలేదు. అక్కడి తెలుగువారి నాటకాలలో వేషం కట్టారు. లోకం తిరస్కరించినప్పుడు కూడ ఎదుట కూర్చొని చూచే నలుగురు ఆయనకు మిగిలారు.

‘పల్లెటూరి పిల్ల’ చిత్రానికి పిలుపు వచ్చిన తరుణంలోనే తండ్రి మరణించారు. కర్మకాండలు ముగించుకొని ఆలస్యంగా చేరేసరికి తమకు అనుకొన్న పాత్ర మరొకరికి దక్కింది. కోపించి మరలిపోక చిన్న వేషంతోనే తృప్తి చెందారు. 1950లో ‘షావుకారు’లో సున్నపు రంగడుగా మెప్పించారు. 1951లో ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడు ఆయనను తెలుగునాట ఇంటింటికీ పరిచయం చేశాడు. 1957లో ‘మాయాబజార్’ ఘటోత్కచుడు, 1963లో ‘నర్తనశాల’ కీచకుడు ఆ కీర్తికి మెరుగులు దిద్దారు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఆ కీచక పాత్రకే ఉత్తమ నటునిగా బహుమతి లభించింది. దర్శకునిగా ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ చిత్రాలు తీశారు. 1974 జూలై 18న మద్రాసులో పరమపదించారు. 2013లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వెలువరించింది.

ఈ జీవితం నుండి మేము గ్రహించినది ఒక్కటి. నటుడు తనను తాను పూర్తిగా చూచుకోలేడు. సెల్‌ఫోను ముఖాన్ని చూపుతుంది గాని, ఆ ముఖం ఎదుటివాని మనసులో ఏమి కలిగించిందో చూపదు. అది చెప్పవలసినది మిత్రుడే.

చెప్పుటకు ఒక మర్యాద ఉన్నది. బాగుంది, బాగులేదు అనుటతో సరిపెట్టరాదు. ఏ మాట దగ్గర నమ్మకం కలిగింది, ఎక్కడ చూపు చెదిరింది, ఎక్కడ గొంతు రంగస్థలపు ఎత్తుకు పోయి కెమెరాకు అతి అయింది, ఆ చోటును గుర్తించి చెప్పాలి. విమర్శ అభినయం మీద ఉండాలి గాని మనిషి రూపం మీద, రంగు మీద, యాస మీద కాదు. ఒకేసారి పది లోపాలు ఎత్తిచూపిన మిత్రుడు మేలుకన్న కీడే ఎక్కువ చేస్తాడు. ముఖ్యమైనవి ఒకటి రెండు చాలును.

వినుటకు ఇంకను ఎక్కువ ధైర్యం కావాలి. వెంటనే సమర్థించుకొనక మౌనంగా వినాలి. ఒకరు చెప్పినది అభిరుచి భేదం కావచ్చును. ముగ్గురు ఒకే చోట వేలు పెట్టి చూపితే అక్కడ మరల చిత్రించి చూచుకోవాలి. అంతిమ నిర్ణయం మాత్రం నటునిదే.

విద్యార్థి మిత్రులారా! మీలో ఒకడు సెల్‌ఫోను చేతబట్టి సంకోచంతో మీ గది తలుపు తట్టినప్పుడు, పొగడి పంపకండి, నవ్వి పంపకండి. కూర్చోబెట్టి, రెండుసార్లు చూచి, నిజం చెప్పండి.