మత్సుయె వీధిలో ఇంగ్లీషు మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన ఇంగ్లీషు మాస్టారే. ఆయనది మన ఊరు కాదు. బడి వెనక వీధిలో అద్దెకుండేవారు. తరగతిలో చెప్పిన గ్రామరు కన్నా, సాయంత్రం చేతిసంచీతో కూరగాయల బండి దగ్గర నిలబడ్డ ఆయన రూపమే నాకు బాగా జ్ఞాపకం. ఉద్యోగరీత్యా కొన్నాళ్లు జపాన్‌లో ఉన్నప్పుడు అలాంటి మరో మాస్టారు కాపురమున్న ఇల్లు చూశాను. ఆయన లాఫ్కాడియో హెర్న్.

హెర్న్ 1850లో లెఫ్కాడా అనే గ్రీకు ద్వీపంలో పుట్టారు. తల్లి గ్రీకు స్త్రీ, తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన ఐరిష్ డాక్టరు. చిన్నతనంలోనే ఇద్దరూ దూరమైతే, తండ్రికి పిన్ని అయిన ఆవిడ డబ్లిన్‌లో పెంచింది. పదహారో ఏట బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఎడమకన్ను పోయింది. రెండో కంటికీ చూపు తక్కువే. పందొమ్మిదేళ్లకు అమెరికా చేరి, పస్తులుండి, చివరికి పత్రికా విలేకరిగా నిలదొక్కుకున్నారు. 1890లో రాతపని మీద జపాన్ వచ్చి, ఆ ఒప్పందం వదులుకుని, ఆగస్టు చివర్లో మత్సుయె అనే చిన్న పట్టణంలో ఇంగ్లీషు మాస్టారుగా కుదిరారు. నెలకు 100 యెన్ల జీతం. అప్పటికి ఆయన వయసు నలభై.

మొదట దిగింది ఒక సత్రంలో. తెల్లవారకముందే వడ్లు దంచే రోకలి చప్పుడు, తర్వాత గుడి గంట, ముల్లంగి అమ్మేవాళ్ల కేక, ఉదయించే సూర్యుడికి చప్పట్లు చరిచి దండం పెట్టుకునే జనం, వంతెన మీద చెక్క పాదరక్షల టకటకలు. కన్ను సరిగా ఆనని మనిషి కదా, ఊరిని ముందు చెవులతోనే తెలుసుకున్నారు. ఆ సత్రంలో ఒక చిన్న అమ్మాయికి కంటి జబ్బు. వైద్యం చేయించమని యజమానికి ఎన్నిసార్లు చెప్పినా అతను పట్టించుకోలేదు. హెర్న్ కోపమొచ్చి సత్రం ఖాళీ చేశారు. ఆ పిల్లకు తన ఖర్చుతోనే వైద్యం చేయించారు.

బడిలో ఆయనకు అండ నిషిదా సెంతారో అనే తోటి ఉపాధ్యాయుడు. ఇల్లు వెతకడం నుంచి ఊరి మర్యాదలు చెప్పడం దాకా అన్నీ ఆయనే. పిల్లలు హెర్న్‌ను హెరున్ అని పిలిచేవారు. సాయంత్రాలు ఇంటికి వచ్చి, తమ ఇళ్లలోని పాత వస్తువులు తెచ్చి చూపించేవారు. వాళ్లలో యోకోగి అనే వడ్రంగి కొడుకు జబ్బుపడ్డాడు. చనిపోయే ముందు తన బడిని ఒక్కసారి చూడాలని అడిగితే, చలిరాత్రి ఒక పనివాడు అతన్ని వీపున మోసుకెళ్లి చూపించాడు. ఈ సంగతి హెర్న్ తన పుస్తకంలో రాసి ఉంచారు.

1891 మొదట్లో కొయిజుమి సెత్సు ఆయన ఇంట అడుగుపెట్టింది. పేదరికంలోకి జారిన సమురాయ్ కుటుంబం ఆమెది. నేతపని చేసి ఇంటివాళ్లను పోషించింది. ఆయనకు జపనీసు అంతంతమాత్రం, ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇద్దరూ కలిసి తమకే అర్థమయ్యే ఒక భాష తయారు చేసుకున్నారు. ఆ ఏడాది మధ్యలో కోట కందకం పక్కన ఒక పాత సమురాయ్ ఇంట్లో కాపురం పెట్టారు. నేను చూసింది ఆ ఇల్లే. తోటలో కప్పల్ని పాము తినేస్తుందని, తన కంచంలోది తీసి పాముకు పెట్టేవారట.

మత్సుయె చలి ఆయనకు పడలేదు. నవంబరులో కుమమోతోకు మారారు. ఊరు వదిలే రోజు విద్యార్థులు బారులు తీరి రేవు దాకా సాగనంపారు. కుమమోతోలో సెత్సు తరఫు పెద్దలు కూడా ఆయన ఇంట్లోనే ఉండేవారు. కొడుకు పుట్టాక ఒక చిక్కు ఎదురైంది. తాను బ్రిటిష్ పౌరుడిగానే ఉంటే, తన తర్వాత భార్యాబిడ్డల హక్కులకు భద్రత లేదు. 1896లో ఆమె ఇంటిపేరే తీసుకుని, కొయిజుమి యాకుమో అనే పేరుతో జపాన్ పౌరుడయ్యారు. అదే ఏడాది టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి చేరారు.

అంత పెద్ద కొలువులో ఉన్నా, వేసవి సెలవులకు యైజు అనే జాలరి పల్లెకు వెళ్లి, ఒతోకిచి అనే చేపల వ్యాపారి మేడ మీద అద్దెకుండేవారు. టోక్యోలో ఇంటి పక్క గుడి ఆవరణే ఆయన నడక దారి. అక్కడి పెద్ద దేవదారు చెట్లు కొట్టేస్తే తట్టుకోలేకపోయారు. 1902లో నిషి ఒకుబోలో సొంత ఇంటికి మారారు. రాత్రుళ్లు సెత్సు పాత దయ్యాల కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవకూడదు, సొంత మాటల్లో చెప్పాలని ఆయన పట్టు. అలా పుట్టిందే క్వైదాన్.

1903లో విశ్వవిద్యాలయం ఆయన్ను తప్పించింది. విద్యార్థులు ఆయన తరఫున గట్టిగా నిలబడ్డా ఫలితం లేకపోయింది. ఆ స్థానంలో నత్సుమె సొసెకి వచ్చారు. 1904లో వసెదాలో పాఠాలు మొదలుపెట్టిన హెర్న్, సెప్టెంబరు 26న గుండెనొప్పితో కన్నుమూశారు. నలుగురు పిల్లలు అప్పటికి ఇంకా చిన్నవాళ్లు. ఆయనకు యాభై నాలుగేళ్లు. నా వయసూ ఇప్పుడు అంతే.

మత్సుయెలో ఆయన ఉన్నది పదిహేను నెలలు కూడా కాదు. అయినా ఆ ఊరు ఆయన్ను ఈనాటికీ తనవాడిగానే చెప్పుకుంటుంది. ఆయన వీధిని పట్టించుకున్నారు, వీధి ఆయన్ను పట్టించుకుంది. ఆ ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు నాకు సిగ్గేసింది. మన మాస్టారు మన వీధిలో ఏళ్ల తరబడి ఉన్నారు. మన పిల్లల పేర్లే కాదు, మన నాన్నల పేర్లూ ఆయనకు తెలుసు. ఆయన గుమ్మం తొక్కి, ఒంటరిగా ఎలా ఉన్నారని అడిగినవాళ్లం మనలో ఎందరం? నేనైతే అడగలేదు. ఈ స్వర్ణోత్సవానికి బయటి ఊళ్ల నుంచి మనకోసం వచ్చిన మాస్టార్లు, టీచరమ్మలు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి, పిలుపు పంపడమే కాకుండా, ఇంటికి వెళ్లి పలకరించి తీసుకొద్దాం. మన మాస్టారి ఇంటికి వెళ్లే పని నాకు వదిలేయండి.